చుక్కలు పెట్టే ముందు బండి పుట్టిన నెల చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు పాంథర్, అందులో జి రకం, 1/35 సైజు ప్లాస్టిక్ మోడల్ కిట్ కొన్నారు, అతికించడం అయిపోయింది. ఆ బండిని (ట్యాంకుని మనం బండి అనే అంటాం) 1943 జులైలో రష్యాలో జరిగిన కుర్స్క్ యుద్ధం డయోరమాలో, అంటే ఆ దృశ్యాన్ని చూపే చిన్న నమూనాలో, పెట్టాలని కోరిక. పెట్టె మీద బొమ్మలో పసుపు, ఆకుపచ్చ, గోధుమ మచ్చలు, వాటి మీద చుక్కలు ఉన్నాయి. ఆ చుక్కలు వేయొచ్చా, మచ్చల అంచులు పదునుగా ఉండాలా మెత్తగా ఉండాలా, ఏ నంబరు రంగులు కొనాలి అని అడిగారు.

చేదు మాట ముందే చెప్పేస్తాను. కుర్స్క్‌లో పాంథర్ జి లేదు. అక్కడికి పంపిన 200 పాంథర్లూ డి రకంవి. జి తయారీ మొదలైందే 1944 మార్చిలో. చుక్కల ప్యాటర్న్ ఇంకా ఆలస్యం, 1944 ఆగస్టు తర్వాతి సంగతి. కాబట్టి మీ డయోరమాలో బండి ఎనిమిది నెలలు ముందే పుట్టింది, చుక్కలు ఏడాది ముందే పడ్డాయి. కిట్ పక్కన పడేయక్కర్లేదు. బండి మంచిదే, ఊరూ నెలా మారిస్తే చాలు. అదెలాగో చివర్లో చెప్తాను.

జర్మన్ కామోఫ్లాజ్, అంటే శత్రువు కంటపడకుండా వేసే మచ్చల రంగు, అనగానే మనవాళ్లు ముందు డిజైన్ వెతుకుతారు. ఎడమవైపు ఫొటో దొరికింది, కుడివైపు దొరకలేదు అని నెలల తరబడి ఆగిపోయేవాళ్లు నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు అదే బాపతు. ఇప్పుడు డిజైన్ సంగతి ఆఖర్న చూస్తాను. ముందు చూసేది రెండే: ఈ బండి ఏ నెలలో తయారైంది, దీని మీద మచ్చలు కొట్టింది ఫ్యాక్టరీ పెయింటరా లేక దాన్ని నడిపిన కుర్రాళ్లా. ఈ రెండూ తేలితే అంచు ఎలా ఉండాలో, రంగు ఎక్కడ అరగాలో దానంతట అదే తెలిసిపోతుంది.

యుద్ధం మొదటి సగం గురించి ఎక్కువ చెప్పను, మీ బండికి అవసరం లేదు. 1937 జులై ఆదేశం ప్రకారం బండిలో మూడింట రెండు వంతులు ముదురు బూడిద, ఒక వంతు ముదురు గోధుమ. ఇవే తర్వాత జర్మన్ల రంగుల నంబర్ల పట్టిక రాల్‌లో 7021, 7017 అయ్యాయి. 1940 వేసవిలో గోధుమ ఆపేసి, ఒక్క బూడిదే ఉంచారు. పోలండ్, ఫ్రాన్స్ దండయాత్రల బండ్లన్నీ ఉత్త బూడిదే అని చాలా ఏళ్లు అందరం నమ్మాం, కిట్ పెట్టెల మీదా అలాగే వేశారు. కారణం చిన్నదే. ఆ రెండు రంగులూ ఎంత ముదురంటే నలుపు-తెలుపు ఫొటోలో, పైగా దుమ్ము పట్టిన బండి మీద, ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేం. టామ్ జెంట్జ్, హిలరీ డోయల్ లాంటి పరిశోధకులు అసలు ఆదేశాల కాగితాలు వెలికి తీశాక గానీ మన అల్మరాల్లో ఉన్న 1939 నాటి బండ్లు సగం తప్పని తెలియలేదు.

ఎడారి బండ్లది వేరే లెక్క. 1941 మార్చిలో పసుపు కలిసిన గోధుమ రాల్ 8000, దాని మీద మూడో వంతు రాల్ 7008. మరుసటి ఏడాది మార్చిలో వాటి స్థానంలో 8020, 7027 వచ్చాయి. 1941 జూన్‌లో ఈజిప్టు సరిహద్దులో హల్ఫాయా కనుమ దగ్గర మన 4వ ఇండియన్ డివిజన్ సైనికులు పోరాడిన రోజుల్లో, జర్మన్ సేనాని రోమెల్ బండ్లు ఈ కాలానివే. ఎవరైనా ఆ డయోరమా చేస్తే చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. హడావుడిగా సముద్రం దాటించిన బండ్లలో కొన్ని బూడిద రంగుతోనే దిగాయి. ఆ బూడిద మీద ఇసుక రంగు కొట్టి, మూలల్లో బూడిద బయటపడేలా అరగదీస్తే చూడ్డానికి భలే ఉంటుంది.

ఇక అసలు కథ. 1943 ఫిబ్రవరి 18 ఆదేశంతో మొత్తం మారిపోయింది. ఫ్యాక్టరీ నుంచి బండి ఒకే రంగులో రావాలి: డుంకెల్‌గెల్బ్, అంటే ముదురు పసుపు. పేరుకే పసుపు. రాల్ నంబర్లలో మొదటి అంకె రంగు కుటుంబాన్ని చెబుతుంది: 1 పసుపు, 6 ఆకుపచ్చ, 7 బూడిద, 8 గోధుమ. డుంకెల్‌గెల్బ్‌కి తర్వాత వచ్చిన నంబరు 7028. లెక్క ప్రకారం అది బూడిద ఇంటి పిల్ల. అందుకే పసుపు ఎక్కువైన మోడల్ చూడగానే ఆవకాయలో మునిగి లేచినట్టు ఉంటుంది. నేను మోడల్ రంగుల కంపెనీ టామియా వాళ్ల ఎక్స్‌ఎఫ్-60కి తెలుపు పది శాతం దాకా కలిపి వాడతాను. ఒక్కో ఫ్యాక్టరీ రంగు కాస్త పచ్చగా, ఇంకోటి కాస్త మట్టిగా ఉండేది, కాబట్టి ‘కచ్చితమైన’ షేడ్ కోసం నిద్ర పాడుచేసుకోకండి. ఆకుపచ్చ రాల్ 6003కి ఎక్స్‌ఎఫ్-61, ఎర్ర గోధుమ రాల్ 8017కి ఎక్స్‌ఎఫ్-64. ఇదే కంపెనీ ఈమధ్య 88, 89, 90 నంబర్లతో ఇవే మూడింటికి కొత్త సెట్ తెచ్చింది. దొరికితే అదే తీసుకోండి, కలపడం తగ్గుతుంది.

ఆ మచ్చలు ఎవరు వేసేవారు? బండి సిబ్బందే. ఆకుపచ్చ, గోధుమ రంగులు చిక్కటి పేస్టులా 2 కిలోల, 20 కిలోల డబ్బాల్లో యూనిట్లకి వచ్చేవి. దాన్ని పెట్రోల్‌తో పలుచన చేసి స్ప్రే గన్‌తో కొట్టాలి. పెట్రోల్ లేకపోతే నీళ్లు. స్ప్రే గన్ అందకపోతే బ్రష్, అదీ లేకపోతే గుడ్డపీలికతో అద్దడమే. ఒకే సైనిక దళంలో పక్కపక్కన నిలబడ్డ రెండు బండ్లు ఒకేలా లేకపోవడానికి కారణం ఇదే. ఒకరు సన్నటి పాములు గీశారు, పక్కవాళ్లు పెద్ద మబ్బులు కొట్టారు, మూడోవాళ్లకి గోధుమ డబ్బా రానేలేదు కాబట్టి రెండు రంగులతోనే సరిపెట్టుకున్నారు. మీరు ఏది వేసినా ఎవరో ఒక జర్మన్ సార్జెంట్ అలాగే వేసి ఉంటాడు!

ఈ పేస్టు సంగతి తెలిసిన రోజున నా వెదరింగ్, అంటే బండి వాడి అరిగినట్టు చూపించే పని, మొత్తం మారిపోయింది. అంతకుముందు అంచుల్లో వెండి రంగు గోకేవాణ్ని. ఒకసారి ఆలోచించండి. కింద ఉన్నది ఫ్యాక్టరీలో వేసిన గట్టి పెయింట్. పైన ఉన్నది సిబ్బంది ఎక్కడో చెట్ల కింద నిలబడి కొట్టిన పలచటి పొర. బూట్లు తొక్కినచోట, హాచ్ (పైకెక్కి లోపలికి దిగే మూత) చుట్టూ, చెయ్యి వేసి ఎక్కేచోట ముందు పోయేది ఏది? పై పొరే. కింద కనబడాల్సింది ఇనుము కాదు, ముదురు పసుపు. నీళ్లతో కలిపి కొట్టిన పేస్టయితే పెట్రోల్‌తో కలిపినదానంత పట్టి ఉండదు. కాబట్టి 1943–44 వేసవి బండి మీద ఆకుపచ్చ మచ్చల మధ్య అక్కడక్కడ పసుపు గీతలు తేలనివ్వండి, వెండి రంగు సీసా మూత తియ్యకండి.

ఇప్పుడు అంచుల సంగతి. స్ప్రే గన్ అంచు మెత్తగా ఉంటుంది, సరే. ఎంత మెత్తగా? ఇక్కడ నోటి లెక్క పనిచేస్తుంది. 1/35లో అసలు 35 మిల్లీమీటర్లు మనకు 1 మిల్లీమీటరు. అసలు బండి మీద పట్టీ 20 సెంటీమీటర్ల వెడల్పు అనుకోండి, మీ మోడల్ మీద అది 6 మిల్లీమీటర్ల కంటే కొంచెం తక్కువ. ఆ పట్టీ అంచున స్ప్రే పలచబడుతూ 10 సెంటీమీటర్లు పోయిందనుకుంటే మనకు 3 మిల్లీమీటర్లు కూడా రాదు. 5 సెంటీమీటర్లే అయితే ఒకటిన్నర. మనలో చాలామంది ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే పెన్నులాంటి పరికరంతో, వేసే అంచు 5, 6 మిల్లీమీటర్లు పరుచుకుంటుంది. అది అసలు బండి మీద 20 సెంటీమీటర్ల పొగమంచు కింద లెక్క. మోడల్ బొమ్మలా అనిపించడానికి ఈ పొగమంచే కారణం, రంగు నంబరు కాదు.

సన్నటి గీత రావాలంటే నా పద్ధతి ఇది. ఎయిర్‌బ్రష్‌కి 0.2 లేదా 0.3 మిల్లీమీటర్ల నీడిల్. రంగు ఒక వంతు, థిన్నర్ రెండు వంతులు, పాలలా కాదు, పాలలో నీళ్లు కలిపినట్టు ఉండాలి. గాలి ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్‌ఐ. ముక్కు మోడల్‌కి వేలెడు దూరం కూడా ఉండకూడదు, ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర. ముందు పాత న్యూస్‌పేపర్ మీద మీ పేరు రాయండి. అక్షరాలు కలిసిపోకుండా చదవగలిగేలా వస్తేనే మోడల్ పట్టుకోండి. గీతకి రెండువైపులా సాలెపురుగు కాళ్లు వస్తే ఒత్తిడి ఎక్కువైంది లేదా రంగు మరీ పలచబడింది. ఇసుక చల్లినట్టు వస్తే రంగు గాల్లోనే ఆరిపోతోంది. మన ఎండల్లో, అదీ మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం అక్రిలిక్ కొడితే ప్రతి రెండు నిమిషాలకీ ముక్కు మూసుకుంటుంది. థిన్నర్‌లో ముంచిన ఇయర్‌బడ్ ఒకటి పక్కన పెట్టుకుని ముక్కు తుడుచుకుంటూ ఉండాలి. రంగు ఆరడం నెమ్మదించే రిటార్డర్ రెండు చుక్కలు కలిపినా నయమే. నేనైతే తెల్లవారుజామున ఐదింటికి కొడతాను, ఇంట్లో కంప్రెసర్ చప్పుడుకి తిట్లు తింటూ.

వాన రోజుల్లో ఇంకో తంటా. లక్క (లాకర్) వార్నిష్ గాల్లో తేమ పీల్చి బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. విజయవాడలో ఒక జులై సాయంత్రం నా మూడు వారాల పని పది నిమిషాల్లో తెల్ల ముసుగేసుకుంది. మంచి లక్క థిన్నర్ ఒక్కటే, రిటార్డర్ కలిపి, పలచగా పైన కొడితే చాలావరకు తేరుకుంది. అప్పటినుంచి వాన పడుతుంటే కిట్ అతికిస్తాను గానీ వార్నిష్ జోలికి పోను.

ఎయిర్‌బ్రష్ లేదంటారా? అప్పుడు బండి ఎంపికలోనే తెలివి చూపించండి. మెత్తటి అంచు బ్రష్‌తో తెప్పించాలని యుద్ధం చేయకుండా, అసలుకే గట్టి అంచున్న బండి చేయండి. 1944 చివరి ఫ్యాక్టరీ ప్యాటర్న్లు అందుకు దేవుడిచ్చిన వరం. స్ప్రే డబ్బా దొరికితే ఇంకో దారి ఉంది. పోస్టర్లు అంటించే బ్లూటాక్‌ని పెన్సిల్ లెడ్ కంటే కాస్త లావుగా తాడులా పాముకుని, మచ్చ అంచు వెంట పెట్టి, మధ్య భాగం టేపుతో మూసి, నిటారుగా పైనుంచి కొట్టాలి. తాడు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని కిందకి కొంచెం రంగు చొరబడి, పదునుకీ మెత్తదనానికీ మధ్య అంచు వస్తుంది. పక్కవాటుగా కొడితే మాత్రం ఒకవైపు పదును, ఒకవైపు మబ్బు.

ఇక మీ చుక్కలు. 1944 ఆగస్టు 19 నాటి ఆదేశంతో మచ్చలు వేసే పని సిబ్బంది చేతిలోంచి ఫ్యాక్టరీకి మారింది. ఆకాశంలో శత్రు విమానాలు తిరుగుతుంటే కొత్త బండికి చెట్టుకింద రంగు కొట్టే తీరిక ఎవరికుంది? రైలు దిగిన బండి దిగినట్టే దాక్కోవాలి. ఆ నెలల్లోనే ఆంబుష్ అని మనం పిలిచే ప్యాటర్న్ వచ్చింది. జర్మన్‌లో దాని పేరు హింటర్‌హాల్ట్, అంటే మాటు. తోటలో మామిడి చెట్టు కింద నిలబడి మీ చొక్కా చూసుకోండి. ఆకుల సందుల్లోంచి పడ్డ ఎండ చుక్కలు కనిపిస్తాయి కదా, అదే ఆలోచన. అందుకే ముదురు మచ్చల మీద పసుపు చుక్కలు, పసుపు భాగం మీద ముదురు చుక్కలు. ఎండ పడే తీరులో చుక్కలు ఉండాలి. అన్నీ ఒకే సైజులో, ఒకే దూరంలో పెడితే చుక్కల ముగ్గు అవుతుంది. నేను మొదటిసారి చేసింది అదే. టూత్‌పిక్ మొనతో వరుసగా పెట్టుకుంటూ పోయాను. మా అమ్మ చూసి ముగ్గు బాగుందిరా అంది.

ఇప్పుడు చేసే పద్ధతి వేరు. ముందు మచ్చల అంచులు బ్రష్‌తో గట్టిగా గీసి లోపల నింపుతాను. చుక్కలకి అతి సన్నటి 10/0 బ్రష్, రంగులో కొంచెం రిటార్డర్. అయిదారు చుక్కలు ఒకచోట గుంపుగా, మధ్యలో ఖాళీ, మళ్లీ రెండు. అరగంట పెట్టాక చెయ్యి యంత్రంలా వరుసకి అలవాటు పడిపోతుంది, అప్పుడు లేచి టీ తాగి రావాలి. ఫ్యాక్టరీని బట్టి తేడాలున్నాయి. పాంథర్ జి తయారుచేసిన ఎంఏఎన్, డైమ్లర్ బెంజ్, ఎంఎన్‌హెచ్ మూడిటి బండ్లూ ఒకేలా ఉండవు, కొన్నిటి మీద చుక్కల బదులు పెద్ద గుండ్రటి బిళ్లలు కనిపిస్తాయి. మీకు నచ్చిన ఫొటో ఏ ఫ్యాక్టరీ బండిదో తెలుసుకుని దాన్నే అనుసరించండి, రెండు ఫ్యాక్టరీల పద్ధతులు ఒకే బండి మీద కలపకండి.

జిమ్మెరిట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా బండి ఒంటికి గారలా మెత్తి, దువ్వెన గీతలు పెట్టేవారు. 1943 శరత్కాలం నుంచి ఫ్యాక్టరీల్లో వేశారు, 1944 సెప్టెంబరు 9 ఆదేశంతో ఆపేశారు. కాబట్టి మీ కిట్‌లో జిమ్మెరిట్ అచ్చు ఉందా లేదా చూడండి, మీ బండి జాతకం అక్కడే ఉంది. జిమ్మెరిట్ ఉంటే అది 1944 మార్చి నుంచి సెప్టెంబరు మొదటి రోజుల్లోపు పుట్టిన జి. మామూలుగా దాని మీద సిబ్బంది కొట్టిన మెత్తటి మచ్చలు పడతాయి. నున్నగా ఉంటే సెప్టెంబరు తర్వాతిది, చుక్కలకి అర్హత ఉంది. రెండూ కలిసి ఉండాలంటే ఆ మధ్య ఉన్న కొద్ది వారాల్లో తయారై ఉండాలి.

ఆ తర్వాత కరువు మొదలైంది. 1944 అక్టోబరు ఆఖరు నుంచి బండి మొత్తానికి పసుపు కొట్టడం మానేసి, ఎర్ర ప్రైమర్ మీదే, రాల్ 8012 మీదే, పొదుపుగా మచ్చలు వేసి పంపమన్నారు. ఆ ఏడాది ముగిసేలోగా పునాది రంగే ఆకుపచ్చకి మారింది, దాని మీద గట్టి అంచులతో గోధుమ, పసుపు. ఈ కాలం బండ్ల గురించి మోడలర్లు కొట్టుకునేంతగా ఇంకే విషయం మీదా కొట్టుకోరు. ఎర్ర ప్రైమర్ బండ్లు చేయొద్దని అనను గానీ, నాలుగు వైపులా ఎర్రగా మెరిసే మోడల్ చూస్తే ఎవరో ఇంటర్నెట్‌లో చదివింది చూసి పొంగిపోయారనిపిస్తుంది.

మ్యూజియం బండ్లని గుడ్డిగా నమ్మకండి. బెల్జియంలో లా గ్లేజ్ ఊళ్లో 213 నంబరు కింగ్ టైగర్ అనే జర్మన్ బండి దశాబ్దాల పాటు రోడ్డు పక్కన నిలబడింది. ఇనుము ఆనాటిదే, పైన కనబడే పెయింట్ మాత్రం తర్వాత వేసింది. అన్నేళ్లు వానలో నిలబడ్డ బండికి మళ్లీ మళ్లీ రంగు వేయక తప్పదు. మచ్చల సైజు, బండి ఆకారంతో అవి ఎలా కలిశాయో చూడ్డానికి పనికొస్తుంది, షేడ్ తీసుకోవడానికి కాదు.

చలికాలం బండి చేస్తానంటే తెల్ల రంగు గురించి ఒక్క మాట. అది పెయింట్ కన్నా మన సున్నానికి దగ్గర. సంక్రాంతికి గోడకి కొట్టిన సున్నం శ్రావణం వానలకి ఎలా దిగుతుందో గుర్తు తెచ్చుకుని అలా పోనివ్వండి. మచ్చలన్నీ అయ్యాక వార్నిష్ వేసి, పూర్తిగా ఆరనిచ్చి, హెయిర్‌స్ప్రే రెండు పొరలు, పైన తెలుపు ఎక్స్‌ఎఫ్-2 పలచగా కొట్టాలి. గంటలోపు గోరువెచ్చని నీళ్లతో తడిపిన పాత బ్రష్‌తో రుద్దితే తెలుపు పొరలు పొరలుగా లేస్తుంది. తెలుపుకి లక్క థిన్నర్ వాడితే మాత్రం కదలదు, కంపెనీ అక్రిలిక్ థిన్నరే వాడండి.

చిన్న విషయం ఒకటి ఎవరూ పట్టించుకోరు. పక్కన వేలాడే రేకులు, జర్మన్లు షూర్‌ట్సెన్ అంటారు, అవి ఉండగానే సిబ్బంది స్ప్రే కొడితే వెనక భాగం ఉత్త పసుపుగానే మిగులుతుంది కదా. ఒక రేకు ఊడిపోయినట్టు చేసి, ఆ ఖాళీలో మచ్చల్లేని పసుపు, దాని మీద బురద చూపించండి. పక్క బండి నుంచి తెచ్చి తగిలించిన రేకయితే మచ్చలు పక్కదానితో కలవవు. పార, గొడ్డలి, బండిని లాగే ఇనుప తాడు మీద కూడా కొంచెం ఆకుపచ్చ తుంపర పడనివ్వండి. స్ప్రే కొట్టే ముందు సామాన్లన్నీ విప్పి పక్కన పెట్టే ఓపిక ఎవరికీ ఉండి ఉండదు.

మీ బండి విషయానికి వస్తే నా సలహా ఇది. కిట్ మీద జిమ్మెరిట్ ఉంటే 1944 వేసవిలో ఫ్రాన్స్‌లోని నార్మండీ యుద్ధానికి తీసుకెళ్లండి. పసుపు మీద ఆకుపచ్చ, గోధుమ మెత్తటి పట్టీలు, పైన వైరుతో కట్టిన చెట్టుకొమ్మలు. అక్కడ విమానాల భయానికి కొమ్మలు కప్పకుండా బండి కదిలేది కాదు, మీ స్ప్రే అంచులో ఎక్కడైనా తప్పు జరిగినా ఆకుల కింద దాక్కుంటుంది. నున్నటి కిట్ అయితే ఆ ఏడాది డిసెంబరులో బెల్జియం వైపు ఆర్డెన్ అడవుల్లో జరిగిన యుద్ధానికి పంపండి. చుక్కలు వేసుకోండి, చక్రాల దాకా తడి బురద పూయండి, మంచు మాత్రం పై అంచుల్లోనే కొంచెం. కుర్స్క్ మీద మనసు చంపుకోలేకపోతే విడిగా పాంథర్ డి కిట్ కొనాల్సిందే. టర్రెట్ (తుపాకీ ఉండి తిరిగే పై భాగం) మీద డ్రమ్ములా నిటారుగా ఉన్న కమాండర్ కుపోలా, అంటే అతను బయటికి చూసే గుండ్రటి గూడు, చూసి గుర్తుపట్టొచ్చు. దానికి జిమ్మెరిట్ వద్దు, చుక్కలు వద్దు. ఆ కిట్‌తో జిమ్మెరిట్ షీటు ఉచితంగా ఇచ్చినా సరే, డ్రాయర్‌లో దాచుకోండి.

మొదలుపెట్టే ముందు కిట్ గ్లాసిస్ ప్లేట్ (ముందువైపు వాలుగా ఉండే పలక), టర్రెట్ పక్కభాగం ఫొటోలు పెట్టండి. జిమ్మెరిట్ అచ్చు ఉందో లేదో చూసి ఏ నెలో చెప్తాను.